అమ్మ కుడిభుజం

కంబమ్మ అరుగును కామాక్షి పగలగొట్టిస్తోందట అన్న మాట పొద్దెక్కేసరికి మిల్లుపాలెమంతా పాకింది.

ఆ మాట పుట్టింది నిన్న సాయంత్రం, మిల్లు లోపల. అప్పుడక్కడున్నది కామాక్షి, షమీమ్ ఇద్దరే. నెల్లూరులో కట్టడాల ఇంజనీరుగా పనిచేస్తున్న షమీమ్ చిన్న సుత్తితో ఇనప స్తంభాన్ని పైనించి కిందికి తట్టుకుంటూ వచ్చి, నడుమెత్తులో ఆగిపోయి, "అక్కా, ఇక్కడి దాకా నీళ్లు నిలిచినాయి లోపల" అన్నది. ఇనప కంబంలో నీళ్లేమిటో కామాక్షికి అర్థం కాలేదు. షమీమ్ ఆమె చెయ్యి పట్టుకుని స్తంభానికి సముద్రం వైపు ఆనించింది. వేళ్లకి తడి తగిలింది. వెంట్రుకంత పగులు, అందులోంచి తుప్పు రంగు నీళ్లు సన్నగా కారుతున్నాయి. కొంతకాలంగా ఇంటిల్లిపాదీ, కళ్లంలో పనిచేసే ఆడవాళ్లూ అమ్మవారి చెమట అని కళ్లకద్దుకుంటున్నది ఆ నీళ్లనే.

మిల్లు కథ ఈ తీరంలో తెలియని ఇల్లు లేదు. కామాక్షి భర్త సుకుమార్ తాత చెంచురామయ్య కట్టించిన మొదటి మిల్లు టేకు దూలాల మీద నిలబడేది. బెల్టు రాపిడికి రవ్వ లేచి, ఊక అంటుకుని, ఒక మిట్టమధ్యాహ్నం మొత్తం బూడిదయింది. ఇక జన్మలో కట్టె వాడనన్నాడాయన. కమ్మరంలో చెయ్యి తిరిగిన పీర్ సాహెబ్‌ను వెంటబెట్టుకుని చెన్నపట్నం వెళ్లి, పోత పోసేచోటే మకాం పెట్టి స్తంభాలు పోయించుకుని, బకింగ్‌హాం కాలవలో పడవల మీద తెచ్చుకున్నాడు. ఇనప స్తంభాలు, ఇనప దూలాలు, వాటి మధ్య ఇటుక కమానులు. రెండంతస్తుల్లో అగ్గిపుల్లంత కట్టె లేదు. చుట్టుపక్కల అలాంటి మిల్లు అదే మొదటిది. ఇనుము మీద ఇటుక ఎట్లా నిలుస్తుందో చూద్దామని జనం చద్దిమూటలు కట్టుకుని బండ్ల మీద వచ్చేవాళ్లట. ఊరికి అసలు పేరు పోయి మిల్లుపాలెం అయింది అప్పుడే.

అందరూ చెప్పుకునేది ఇంతవరకే. మిగతా సగం పీర్ సాహెబ్ ఇంట్లో మాత్రమే మిగిలింది. సముద్రం దగ్గర కావడంతో ఇక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. ఆ నీళ్లలో వడ్లు నానబెడితే ఉప్పుడు బియ్యం రంగు మారి వాసనేస్తుంది. అందుకని పీర్ సాహెబ్ స్తంభాలను గొట్టాల్లాగా గుల్లగా పోయించాడు. కప్పు మీద పడిన వాననీళ్లు ఆ స్తంభాల్లోంచి దిగి, నేల కింద రాతికాలవలో పడి, బాయిలర్ గది కిందుగా పోయి వడ్లు నానబెట్టే తొట్టిలోకి చేరేవి. స్తంభమే బరువు మోసేది, స్తంభమే నీళ్లు మోసేది. ఆయన మునిమనవరాలు షమీమ్ చెప్పేదాకా ఈ సంగతి మిల్లు గలవాళ్లకే తెలియదని కామాక్షి అనుకుంది. బోర్లు, ట్యాంకర్లు వచ్చాక తొట్టి మూలపడింది, దానితోపాటు ఎరుకా పోయింది. ఎప్పుడో, లోపల దిగే వాననీళ్ల చల్లదనానికి ఒక స్తంభానికి చెమట పట్టింది. ఆడవాళ్లు పసుపు పూసి, కంబమ్మ అని పేరు పెట్టారు. కామాక్షి అత్తగారు ఆదిశేషమ్మ ముచ్చటపడి స్తంభం చుట్టూ సిమెంటు అరుగు కట్టించింది. నీళ్లు బయటికి పోయే రంధ్రం ఆ అరుగు కింద పూడిపోయింది. పైనించి దిగిన నీళ్లు దిగినట్టే లోపల నిలిచి, ఇనుమును తినడం మొదలుపెట్టాయి.

"ఇంకొక్క పెద్ద వాన తట్టుకోదక్కా" అన్నది షమీమ్. "ఇది విరిగితే దీని మీద ఆనుకున్న కమానులన్నీ దిగిపోతాయి. అరుగు తీసి నీళ్లు వదిలేస్తే చాలు. పగులుకి పట్టీ బిగించుకోవచ్చు."

టీవీలో రెండురోజులుగా వాయుగుండం సంగతి చెబుతున్నారు.

మిల్లు పడిపోతే కామాక్షికి పోయేది ఇటుకలూ ఇనుమూ కాదు. చెంచురామయ్య పోయేముందు కొడుకును కూర్చోబెట్టి ఒక మాట తీసుకున్నాడు. మిల్లు నిలబడి ఉన్నన్నాళ్లూ దాన్ని పంచుకోకూడదు, అందులో బియ్యం ఎవరు ఆడిస్తే పెత్తనం వాళ్లది. ఆ మాట మీదే, మూతపడిన మిల్లు కింది హాల్లో కామాక్షి మళ్లీ పొయ్యి వెలిగించి ఉప్పుడు బియ్యం మొదలుపెట్టింది. పాత కళ్లంలో వడ్లు ఎండబెట్టడానికి పాత ఆడవాళ్లే తిరిగొచ్చారు. ఆ బియ్యం ఇప్పుడు గూడూరు దాకా, సూళ్లూరుపేట దాకా పోతున్నాయి. మిల్లు కూలితే మిగిలేది ఖాళీ స్థలం. ఖాళీ స్థలాన్ని పంచుకోవద్దని తాత చెప్పలేదు. కంటైనర్లు నిలుపుకోవడానికి జాగా కావాలని పోర్టు పనులు చేసే కంపెనీ ఒకటి బావగారు పెంచలకృష్ణ వెంట ఏడాదిగా తిరుగుతోంది.

ఇదంతా మనసులో తిరుగుతుండగానే ఇవాళ పొద్దున కామాక్షి షమీమ్‌తో కలిసి మిల్లు గుమ్మం దాటింది. లోపల అప్పటికే జనం. పసుపు ముద్దలు పేరుకుపోయిన స్తంభం ముందు కళ్లం ఆడవాళ్లు బైఠాయించి ఉన్నారు. అరుగుకి ఆనించి పెట్టిన గడ్డపార మీద వెంకటశేషమ్మ కాలు పెట్టుకుని కూర్చుంది. ఈ కళ్లంలో వడ్లు తొక్కడం మొదలుపెట్టినప్పుడు ఆమెకింకా పెళ్లికాలేదు. ఇప్పుడు మునిమనవణ్ణి ఆడిస్తోంది.

"ఏమ్మా కామాచ్చమ్మా," అన్నది వెంకటశేషమ్మ లేవకుండానే. "వడ్లు తొక్కేదానికి పనికొస్తాం గానీ, మా తల్లి అరుగు తీసేటప్పుడు ఒక మాట అడిగేదానికి పనికిరామా?"

"అడుగుదామనే వస్తండా శేషక్కా."

"గడ్డపార ముందొచ్చింది. నువ్వు ఎనకాల వచ్చినావు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కామాక్షికి ముఖం వేడెక్కింది. ఆ మాటలో తప్పు లేదు. గడ్డపార తనే పొద్దున్నే పంపించింది, ఎవరూ రాకముందే పని అయిపోతే బాగుంటుందని.

"అమ్మే షమీమూ, నువ్వు చెప్పు," అన్నది ఎలిశబెతు. కళ్లంలో వెంకటశేషమ్మ తర్వాత ఆమెదే నోరు. "నేను ఆదివారం చర్చికి పోయేదాన్ని. అయినా ఈ తల్లికి ఒక మాట చెప్పుకోకుండా కళ్లంలో కాలు పెట్టింది లేదు. ఈ సంగతి పాస్టరుగారికి చెప్పబాకండి. ఆ అరుగు ఎందుకు తియ్యాలంటావు?"

షమీమ్ బెదరలేదు. చెప్పులు బయట విడిచి వచ్చి స్తంభం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "పెద్దమ్మా, ఇట్టా చెవి ఆనించు" అని వెంకటశేషమ్మతో అని, సుత్తితో పైన ఒకసారి, కింద ఒకసారి తట్టింది. వెంకటశేషమ్మ చెవి ఆనించి, కళ్లు చిట్లించి, మళ్లీ ఒకసారి కొట్టమన్నది.

"నిండుకుండని తట్టినట్టుండాదే!"

"నీళ్లే పెద్దమ్మా. పోయే దోవ లేక నిలిచిపోయినాయి. ఇనుముని తినేస్తన్నాయి."

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెంకటశేషమ్మ చెవి తుడుచుకుంటూ వెనక్కి జరిగింది. "ఉంటే ఉన్నాయిలే. అమ్మ కడుపులో నీళ్లుంటే అది అమ్మ ఇష్టం. మనమెవరం తీసేదానికి?"

అప్పుడు బయట కారు ఆగిన చప్పుడయింది. పెంచలకృష్ణ లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, నుదుట ఇంత వెడల్పున కుంకుమ. వస్తూనే స్తంభం ముందు సాష్టాంగపడ్డాడు. ఆయన వెనక సుకుమార్ గుమ్మం దగ్గరే ఆగి, ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. భార్య వైపు చూడలేదు.

"ఎవురూ ముట్టుకోబాకండి," అన్నాడు పెంచలకృష్ణ లేచి మోకాళ్లు దులుపుకుంటూ. "నేను బతికుండగా ఈ అరుగు మీద గడ్డపార పడేదానికి లేదు."

కళ్లం ఆడవాళ్లకి ఆ మాట కొండంత బలం. వాళ్ల గొంతులు ఒక్కసారి లేచాయి. కామాక్షి ఆయన నుదుటి కుంకుమనే చూస్తూ నిలబడింది. ఈ మనిషికి అరుగు కావాల్సింది ఎందుకో ఆమెకు తేటగా తెలుసు. అరుగు ఉంటే స్తంభం పోతుంది. స్తంభం పోతే మిల్లు పోతుంది. ఆయన చెయ్యి ఎత్తనక్కర్లేదు, ఒక్క ఇటుక తియ్యనక్కర్లేదు. భక్తితో చేతులు కట్టుకుని నిలబడితే చాలు, వాన మిగతా పని చేసిపెడుతుంది.

"బావగారూ," అన్నది. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "పోయినేడు ఇదే చోట నిలబడి, ఈ పసుపంతా కడిగించి కంబాలన్నీ పాత ఇనుము వాళ్లకి తోలేద్దామన్నారు. అమ్మ మీ కలలోకి ఎప్పుడొచ్చింది?"

"తప్పు తెలుసుకున్నానమ్మా. మనిషన్నాక మారడా?"

"మారితే సంతోషమే. వాయుగుండం పడతందని టీవీలో చెప్పినాక మారినారు చూడండి, అదే నాకు అర్థం కాలేదు."

ఎలిశబెతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెంచలకృష్ణ ముఖంలో కుంకుమ తప్ప మిగతా రంగంతా మారింది.

"నా సంగతి తర్వాత. నువ్వెవర్ని తెచ్చినావు? మన తల్లి అరుగు తియ్యమని చెప్పేదానికి ఈ సాయిబుల పిల్ల దొరికిందా నీకు? ఊళ్లో మనోళ్లే లేరా ఇంజనీర్లు?"

షమీమ్ సుత్తిని సంచిలో పెట్టుకుంటున్నదల్లా ఆగింది. అంతలో వెనక గోడ వైపునుంచి కర్ర చప్పుడు వినిపించింది.

"నోరు ముయ్యరా."

ఆదిశేషమ్మ ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఇంటి వైపు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నడుము వంగినా మాట వంగలేదు.

"ఈ కంబాలు నిలబెట్టింది ఈ పిల్ల ముత్తాత. మా మామగారు ఊరికే డబ్బు పెట్టినారు. పడవలోనించి దించేటప్పుడు కంబం జారి పీరయ్య కాలు నలిగింది. ఆ కాలు ఈడ్చుకుంటానే ఆయన ఇదంతా నిలబెట్టినాడు. నువ్వు ఉయ్యాల్లో ఉండంగా ఈ పిల్ల జేజి ఇమాంబీ నిన్ను చంకనేసుకుని తిరిగింది. ఎవుర్ని మనోళ్లంటావు, ఎవుర్ని కాదంటావు?"

పెంచలకృష్ణ తల వంచుకున్నాడు. కానీ కళ్లం ఆడవాళ్లు కదల్లేదు. వాళ్లకి షమీమ్ మీద కోపం లేదు, పెంచలకృష్ణ మీద నమ్మకమూ లేదు. వాళ్ల భయమల్లా అమ్మ గురించే. చివరికి వెంకటశేషమ్మే లేచి నిలబడింది.

"ఇంత రచ్చెందుకు? పువ్వు పెట్టి అడుగుదాం. తల్లి తియ్యమంటే తీద్దాం. వద్దంటే ఎవరూ మాట్లాడేదానికి లేదు."

అందరూ సరేనన్నారు. పెంచలకృష్ణ అందరికంటే ముందన్నాడు.

పువ్వు అడగడం కంబమ్మ దగ్గర ఏళ్లనాటి అలవాటు. తడిపిన నందివర్ధనం పువ్వులు రెండు అమ్మ భుజాలకి, అంటే స్తంభానికి అటొకటి ఇటొకటి, అతికిస్తారు. మనసులో మాట అడుగుతారు. కుడి పువ్వు ముందు రాలితే అవునని, ఎడమ పువ్వు రాలితే కాదని. పెళ్లి సంబంధాలు, బోరు వేసే చోట్లు, బిడ్డకి పేర్లు, అన్నీ ఇక్కడ తేలినవే. పువ్వు పెట్టేది ఎప్పుడూ ఆదిశేషమ్మే.

"ఈ మధ్య తల్లి మనసు బాగా మెత్తబడింది," అన్నది ఎలిశబెతు పూలు కోసుకొచ్చి నీళ్లలో వేస్తూ. "ఎవురేమడిగినా కుడిపువ్వే ఇస్తండాది."

"ఇచ్చింది లేవే," అన్నది వెంకటశేషమ్మ మూతి తిప్పి. "మా మనవరాలి సంబంధానికీ ఇచ్చింది కుడిపువ్వు. ఆ అల్లుడు చూడు, ఈ పొద్దుటికీ మంచం దిగడు. తల్లి ఒక్కసారి కాదని ఉంటే ఎంత బాగుండు!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. కామాక్షి నవ్వలేకపోయింది. ఆమె చూపు స్తంభం మీదికి పోయింది. కంబమ్మ ముఖం ఉత్తరానికి. ఉత్తరం చూసే అమ్మకి కుడిభుజం తూర్పు. తూర్పు సముద్రం. నిన్న తన వేళ్లకి తడి తగిలింది ఆ పక్కనే. తడిపిన పువ్వు పొడి ఇనుము మీద అతుక్కుని నిలుస్తుంది. కారే నీళ్ల మీద నిలవదు, జారుతుంది. పగులు పుట్టిన నాటినుంచి అమ్మ ఎవరికీ కాదని చెప్పలేకపోయింది.

తన బియ్యం పనికి పొయ్యి వెలిగించే ముందు తనూ ఇక్కడే పువ్వు అడిగింది. కుడిపువ్వు రాలితే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ధైర్యంతోనే కదా ఇంట్లో అందర్నీ ఎదిరించింది!

ఇప్పుడీ సంగతి బయటపెట్టాలా? ఇది అమ్మ కాదు, పగులులో నీళ్లు అని ఈ ఆడవాళ్ల ముఖం మీద చెప్పాలా? చెబితే వీళ్ల పెళ్లిళ్లు, పేర్లు, మొక్కులు అన్నీ ఏమవుతాయి? చెప్పకపోతే, ఏ పువ్వు రాలుతుందో తెలిసి తెలిసి వీళ్లని మోసం చేసినట్టవుతుంది. అయినా నోరు మూసుకోవాలనే అనుకుంది. మిల్లు నిలబడితే చాలు, ఆ పాపమేదో తనే పడుతుంది.

ఆమె ఆ మాట అనుకుని ఊపిరి వదిలేలోపే పెంచలకృష్ణ ముందుకొచ్చాడు.

"అమ్మా, అడిగేది సరిగ్గా అడగాల. తియ్యమంటావా అని అడగడమే అపచారం. 'తల్లీ, నీ అరుగు నీకు ఇట్టాగే ఉండాలనా' అని అడుగు."

"అదీ నిజమే," అన్నది వెంకటశేషమ్మ. "అట్టా అడిగితేనే మర్యాద."

అలా అడిగితే కుడిపువ్వు రాలేది అరుగు ఉండాలనే. ఒకసారి అమ్మ చెప్పిందన్నాక ఈ ఊళ్లో ఆ అరుగు మీద ఎవరి చెయ్యీ పడదు. షమీమ్ కంగారుగా ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకీ అర్థమైంది. కామాక్షి నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? ఆ ప్రశ్న వద్దనడానికి ఆమె దగ్గర ఉన్నది ఒకటే కారణం, అది చెబితే అందరి ముందూ అమ్మే లేకుండా పోతుంది.

"అత్తా..." అన్నది.

ఆదిశేషమ్మ కోడలి వైపు ఒకసారి చూసింది. కొడుకు వైపు చూడలేదు. కర్ర ఎలిశబెతుకి ఇచ్చి, అరుగెక్కి, పూలు నీళ్లలోంచి తీసింది. ఎడమ పక్కన ఒక పువ్వు పెట్టి బొటనవేలితో గట్టిగా అదిమింది. కుడిపక్క పువ్వు ఊరికే ఆనించింది. చేతులు జోడించి అందరికీ వినపడేలా అడిగింది.

"తల్లీ, నీ కాళ్ల కింద నీళ్లు నిలిచిపోయినాయంట. నీకు కష్టంగా ఉండాదంట. ఈ అరుగు కట్టించింది నేనే. తీసెయ్యమంటావా?"

"అమ్మా!" అన్నాడు పెంచలకృష్ణ.

"అడిగేది నేనా, నువ్వా?"

పై అంతస్తులో పావురాలు కదిలిన చప్పుడు వినపడింది. కుడివైపు తెల్లపువ్వు కొంచెం వాలింది. ఒక రెక్క మడతపడింది. పసుపు మీద సన్నగా చార గీసుకుంటూ జారి అరుగు మీద పడింది.

వెంకటశేషమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని మొక్కింది. పెంచలకృష్ణ ఏదో అనబోతే, "తల్లి చెప్పినాక నీదేముండాది అబ్బయా, జరుగు" అని ఆమే ఆయన్ని పక్కకి నెట్టింది. దీపపు కుందిని, పసుపు గిన్నెను తీసి చాపమీద పెట్టారు. మొదటి దెబ్బ వెంకటశేషమ్మే వేసింది. తర్వాత ఎలిశబెతు అందుకుంది. పాత సిమెంటు పెళ్లలు పెళ్లలుగా లేచింది. కింద రాతిపలక, ఆ పలకలో అరచెయ్యి పట్టేంత రంధ్రం, దాన్నిండా బిగుసుకుపోయిన సిమెంటు ముద్ద. అది కదలగానే నల్లటి నీళ్లు బుసకొట్టినట్టు ఎగదన్నాయి. కుళ్లిన ఆకులు, పావురాల ఈకలు, తుప్పు పొరలు.

ఆడవాళ్లు కెవ్వుమని వెనక్కి దుమికారు. నీళ్లు తేటపడేదాకా ఆగి, వెంకటశేషమ్మ వంగి వేలు ముంచి నాలుక్కి రాసుకుంది.

"అమ్మే! తియ్యగుండాయే నీళ్లు!"

"వాననీళ్లు పెద్దమ్మా," అన్నది షమీమ్. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా ముత్తాత ఈ తీపి కోసమే పెట్టినాడు ఇదంతా."

ఎలిశబెతు, మిగతావాళ్లూ దోసిళ్లు పట్టి ఒకరి మీద ఒకరు చల్లుకోసాగారు. ఆ సందట్లో కామాక్షి అత్తగారిని చెయ్యి పట్టి దింపింది.

"అత్తా, ఆ కుడిపక్క..."

"తడి అనే కదా," అన్నది ఆదిశేషమ్మ గొంతు తగ్గించి. "తెల్లారి లేచి ఆమెకి పసుపు పూసేది ఎవురనుకున్నావు? ఏ పక్కన పసుపు నిలవదో నా చేతికి తెలీదా?"

"మరి... ఇన్నాళ్లూ పువ్వు పెడతానే ఉండారు గదా?"

"పెట్టాను. కావాలనుకున్న వాళ్లకి కావాలని చెప్పింది తల్లి. దాంట్లో పాపమేముండాది? కానీ ఈ పొద్దు మాత్రం అడిగేటప్పుడు నోరెండిపోయిందే. మొదటిసారి, ఆమె నిజంగా వింటండాదేమోనని భయమేసింది."

కామాక్షి అత్తగారి వేళ్లు తన వేళ్లలోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఇలా పట్టుకున్నది ఇదే మొదలు.

"అక్కా!"

షమీమ్ పిలుపులో మార్పుంది. కామాక్షి తిరిగి చూసింది. రాతికాలవలోకి దిగి పోవాల్సిన నీళ్లు పోవడం లేదు. రంధ్రంలోంచి మళ్లీ పైకి పొంగుతున్నాయి. ఆడవాళ్ల నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నీళ్లు హాల్లోకి పరుచుకుని, ఆరబెట్టిన బియ్యం బస్తాల వైపు పాకుతున్నాయి.

"కాలవ ఇంకెక్కడో పూడింది," అన్నది షమీమ్. "మిగతా కంబాల్లో నిలిచిన నీళ్లు కూడా ఇటే వస్తండాయి. నీళ్లు ఇట్టా నిలిస్తే కంబం అడుగున నేల మెత్తబడిపోతుంది. ఇప్పుడే వదలాల."

సల్వార్ పైకి మడుచుకుని, నేల మీద పలకలు తట్టుకుంటూ కాలవ వెంట నడిచింది ఆ పిల్ల. అందరూ ఆమె వెనక, గడ్డపార పట్టుకుని ఎలిశబెతు. కాలవ హాలు దాటి బాయిలర్ గది తలుపు దగ్గరికి వచ్చింది. షమీమ్ వంగి తలుపు కింద సందులోంచి టార్చి వేసింది. చాలాసేపు లేవలేదు.

"అక్కా, లోపల కాలవ పలక లేపి ఉండాది. దాంట్లో సిమెంటు పోసినారు. పాతది కాదు. ఇంకా తెల్లంగానే ఉండాది."

బాయిలర్ గదిని వాడక చాలాకాలమైంది. కానీ తలుపుకి వేలాడుతున్న తాళం మెరుస్తోంది. కామాక్షి మొదట బావగారి వైపు చూసింది. ఆయన ఆశ్చర్యపోయాడు. అది నటన కాదు. ఆ ఆశ్చర్యం మెల్లగా నవ్వులోకి మారడమూ ఆమె చూసింది. ఆ నవ్వు తన మీద కాదు. ఆయన చూపు తన భుజం మీదుగా, గుమ్మం వైపు పోతోంది.

ఆమె తిరిగింది. సుకుమార్ ద్వారబంధం దగ్గర లేడు. వాళ్ల వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయన కుడిచెయ్యి చొక్కా జేబు మీద ఉంది.

పోయినవారం ఉతకడానికి వేసిన ఆయన పంచె కామాక్షికి గుర్తొచ్చింది, అంచుకి గట్టిపడిన బూడిదరంగు మరకలు. గోరుతో గీకినా పోలేదు. చిల్లకూరులో ఎవరి ఇల్లు కడుతుంటేనో చూడ్డానికి పోయాడనుకుంది. అడగను కూడా లేదు. కాలవ సంగతి ఆయనకి ముందే తెలుసన్నమాట, మిల్లు కూలితే స్థలంలో వాటా ఆయనకీ వస్తుంది.

"తాళం చెవి ఇయ్యండి," అన్నది కామాక్షి.

"నా కాడ లేదు."

"ఇయ్యండి."

సుకుమార్ తల్లి వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. తర్వాత భార్యకి దగ్గరగా వచ్చి, ఆమెకి మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"ఆ తలుపు తెరవబాక కామాక్షీ. తెరిస్తే నేనీ ఇంట్లో ఉండలేను."

నీళ్లు ఆమె పాదాలను తాకాయి. కామాక్షి ఆయన ముఖంలోకి చూడలేదు. చెయ్యి చాచి, ఎలిశబెతు చేతిలోని గడ్డపార అందుకుంది.